మైదాపిండి బిడ్డకు తండ్రి

సింకులో నురుగు నీళ్ళ మీద జుట్టుకు రింగులు తిప్పే గులాబీ గొట్టాలు ఒకవైపు, బూడిదరంగువి ఒకవైపు తేలుతున్నాయి. లోర్నా వాటిని ఒక్కొక్కటే పాత పళ్ళబ్రష్షుతో రుద్ది, రబ్బరు పట్టీలో చిక్కుకున్న వెంట్రుకను గోటితో లాగి, రంగుల వారీగా తువ్వాలు మీద పరుస్తోంది. గులాబీవి పొడుగు జుట్టుకు, బూడిదవి మధ్యరకానికి, సన్నటి ఎర్రవి మెడ దగ్గరి పొట్టి వెంట్రుకలకు. రంగు తప్పితే రింగు తప్పుతుంది. వాళ్ళ వంటగదిలో సగం పొయ్యిదీ బల్లదీ అయితే మిగతా సగం వాళ్ళమ్మ డార్లీన్ సెలూన్. పైకీ కిందికీ లేచే కుర్చీ, గోడకు అద్దం, తలల మీద బోర్లించే డ్రయ్యర్. వీధిలో ఆడవాళ్ళంతా అక్కడికే వచ్చి జుట్టు కత్తిరించుకుంటారు, రింగులు తిప్పించుకుంటారు.

రొట్టెల బుట్టలో, మడతపెట్టిన తువ్వాలు మీద మైదాపిండి సంచి పడుకుని ఉంది. ఐదు పౌన్ల కాగితం సంచి. బడిలో ఇద్దరిద్దరిని జంట కట్టి, సోమవారం దాకా సొంత బిడ్డలా చూసుకోమని ఇచ్చారు; లోర్నాకి జంట బ్రెంట్. దానికి ఊలు టోపీ, గుడ్డ లంగోటీ. ముఖం బ్రెంట్ గీశాడు. కళ్ళు మరీ పెద్దవిగా వచ్చాయి, ఎటు తిరిగినా చూస్తున్నట్టే ఉంటాయి. పేరు కూడా బ్రెంటే పెట్టాడు, బ్రెంట్ జూనియర్ అని. లోర్నాకి ఆలివ్ అని పెట్టాలని ఉండింది. ఆడపిల్ల పేరేంటి, వీడు మగవాడు కదా అన్నాడు. పిండి సంచి మగదో ఆడదో ఎలా తెలుస్తుందని అడగబోయి ఊరుకుంది.

గోడ మీద ఫోను మోగింది. లోర్నా చేతిలో గొట్టం నీళ్ళలో పడిపోయింది. చేతులు గౌనుకు తుడుచుకుంటూనే ఒక్క అంగలో వెళ్ళి రెండో మోత పూర్తి కాకముందే ఎత్తింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు బ్రెంట్.

"గొట్టాలు కడుగుతున్నా."

"వాడేం చేస్తున్నాడు?"

"ఎవరు?"

"ఎవరేంటి? మనవాడు."

"పడుకున్నాడు."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. అమ్మ కింద సెల్లార్లో బట్టలు ఆరేస్తోంది."

"జోడీ రాలేదా?"

"లేదు."

"మరి చెప్పడానికి అంతసేపు పట్టిందేం?"

లోర్నా తీగను వేలికి చుట్టుకుంది. ఆమెకేమీ సేపు పట్టలేదు. అయినా ఈసారి ఇంకొంచెం తొందరగా చెప్పాలనుకుంది. అతను గొంతు మార్చి, నవ్వి, "నీ మీద బెంగతోనే కదా అడిగేది, పిచ్చీ" అన్నాడు. పెట్టేసేముందు, తలకింద చెయ్యేసి ఎత్తమని గుర్తు చేశాడు.

డార్లీన్ మెట్లెక్కి వచ్చి ఖాళీ గంప దించుతూ, "బ్రెంటేనా?" అంది.

"ఆ."

"బంగారం లాంటి పిల్లాడే. పొద్దున మనం లేవకముందే వచ్చి వాకిట్లో మంచు అంతా ఎత్తిపోశాడు, చూశావా? మిసెస్ పిలార్స్కి జారి పడితే ఎవరిది పూచీ అన్నాడు. పద్నాలుగేళ్ళకి ఎవడికుంటుందే ఆ బుద్ధి? మీ నాన్నకి నలభై దాటినా రాలేదు."

లోర్నా మళ్ళీ సింకు దగ్గరికి వెళ్ళి మునిగిపోయిన గొట్టం కోసం నీళ్ళలో తడిమింది.

*

గురువారం హోమ్ సైన్స్ క్లాసులో మిసెస్ హాక్‌స్ట్రా సంచులన్నింటినీ వరసగా తక్కెడలో తూచింది. తగ్గిన బరువుకు మార్కులు తగ్గుతాయి. ఒకడి బిడ్డ బస్సులో పడి చిరిగితే టేపు అంటించి తెచ్చాడు. ఇంకొకడు ముందురోజు తన బిడ్డని ఫుట్‌బాల్ బదులు విసిరాడట. క్లాసంతా పడి పడి నవ్వింది. మిసెస్ హాక్‌స్ట్రా నవ్వలేదు. పదహారేళ్ళకే తల్లులై చదువు మానేసిన తన పాత విద్యార్థినులు ఇద్దరు ఆమెకు తెలుసు. ఈ ప్రాజెక్టు మీద ఆమెకు నిజంగా నమ్మకం ఉంది.

"బిడ్డ ఒంటరిగా ఉండకూడదు. ఎవరికైనా అప్పగించాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకరు కాదంటే కాదు. సోమవారం దాకా ఇదే రూలు" అని మళ్ళీ చెప్పింది. తర్వాత లోర్నా బల్ల దగ్గర ఆగింది. "ఈ ఇంటి సంగతి చూడండి అందరూ. మన బ్రెంట్ రోజూ ఎన్నిసార్లు ఫోన్ చేసి బిడ్డ ఎలా ఉందో కనుక్కుంటున్నాడో తెలుసా? సాయంత్రం స్వయంగా వెళ్ళి చూసొస్తున్నాడు. నేనింతకాలంగా ఈ పాఠం చెబుతున్నాను, ఇలాంటి తండ్రిని చూడలేదు. లోర్నా, నువ్వు అదృష్టవంతురాలివి."

వెనక బెంచీల్లో ఎవరో ఈల వేశారు. చప్పట్లు కొట్టారు. బ్రెంట్ సిగ్గుపడి తల దించుకున్నాడు. ఆ సిగ్గు నిజమైనదే. బల్ల కింద అతని చెయ్యి లోర్నా మణికట్టు మీద ఉంది. గట్టిగా పట్టుకోలేదు, ఊరికే ఉంది. చప్పట్లు కొట్టాలంటే ఆమె ఆ చెయ్యి తీయాలి. తీయలేదు.

గంట కొట్టాక అందరూ వెళ్ళేదాకా ఆగి లోర్నా టీచరు బల్ల దగ్గరికి వెళ్ళింది. బ్రెంట్ తలుపు బయట నిలబడ్డాడు.

"మేడమ్, శనివారం పొద్దున కౌంటీ బ్యాండుకి ఎంపిక ఉంది. నేను క్లారినెట్ వాయించాలి. మళ్ళీ ఏడాది దాకా ఉండదు. బ్రెంట్‌కి ఆ రోజు కుస్తీ పోటీ. బిడ్డని మా అమ్మకి అప్పగిస్తానంటే అతను ఒప్పుకోవట్లేదు."

"ఎందుకని?"

"అమ్మ పనిలో ఉంటుంది, మందుల ఘాటు బిడ్డకి పడదని."

మిసెస్ హాక్‌స్ట్రా ముఖం విప్పారింది. "చూశావా, ఎంత దూరం ఆలోచించాడో!"

"మందుల ఘాటు నిజమే మేడమ్. కానీ అది పిండి కదా."

"లోర్నా," అంది ఆమె నొచ్చుకున్నట్టుగా, "పిండి అనుకుంటే ఇక పాఠమెక్కడుంది? ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. సంసారంలో ఇలాంటివి రోజూ వస్తాయి. మధ్యలో మూడో మనిషి తీర్పు చెప్పకూడదు."

మధ్యాహ్నం భోజనాల హాల్లో జోడీ తన పళ్ళెం తెచ్చి లోర్నా ఎదురుగా ధడాలున పెట్టింది. రెండో తరగతి నుంచీ వాళ్ళిద్దరూ ఒకే బెంచీ. జోడీ ఫ్లూట్ వాయిస్తుంది. శనివారం వాళ్ళ నాన్న కారులో ఇద్దరూ వెళ్ళాలని ఎప్పుడో అనుకున్నారు.

"ఏమే అమ్మగారూ, మీ ఆయన ఏడీ? పర్మిషన్ లేకుండా నాతో మాట్లాడొచ్చా?"

"పళ్ళెం తేవడానికి లైనులో ఉన్నాడు. మెల్లగా మాట్లాడు."

"మెల్లగా ఎందుకే, వాడేమన్నా పడుకున్నాడా?" అని జోడీ పిండి సంచి వైపు గడ్డం ఎగరేసింది. తర్వాత ముందుకు వంగి, "వీడు అచ్చం ఇరవై మూడో నంబరులో వాడేనే" అంది.

వాళ్ళిద్దరికీ అది చెప్పక్కర్లేని సంగతి. 'మేపుల్ వీధి స్నేహితురాళ్ళు' పుస్తకాలు నెలకొకటి వస్తాయి. పసుపుపచ్చ అట్ట, వెన్ను మీద నంబరు. జోడీ సగం కొంటే లోర్నా సగం కొంటుంది, తర్వాత మార్చుకుంటారు. పేర్లతో పనిలేదు, నంబర్లతోనే మాట్లాడుకుంటారు. ఇరవై మూడులో ఒకమ్మాయికి స్నేహితుడు దొరుకుతాడు. వాడు ఆమె వేసుకునే బట్టల దగ్గర్నుంచీ తినే ఐస్‌క్రీము దాకా తనే చెబుతాడు, స్నేహితురాళ్ళని కలవనివ్వడు. పద్నాలుగో అధ్యాయంలో ఆమె నడిరోడ్డు మీద నాలుగు మాటలు దులిపేసి వాణ్ణి వదిలేస్తుంది. పదిహేనులో అందరూ పిజ్జా తింటారు.

"అందులో వాడు వస్తూనే తెలుస్తాడు చెడ్డవాడని. వెయిటర్ మీద అరుస్తాడు. బ్రెంట్ ఎవరి మీదా అరవడు. మా ఇంటి ముందు మంచు తీశాడు" అంది లోర్నా.

"ముప్ఫై ఒకటిలో వాళ్ళకీ బిడ్డ ప్రాజెక్టు ఉంది కదా. కోడిగుడ్లు. అందులో ఆ అబ్బాయి చివర్లో లాలిపాట పాడతాడు, ఎంత ఏడ్చామో నువ్వూ నేనూ. అందులో ఎవరైనా ఇలా ఫోన్లు చేశారా?" అంది జోడీ.

లోర్నా ఆలోచించింది. ఇరవై మూడులో బిడ్డ లేదు. ముప్ఫై ఒకటిలో అలాంటివాడు లేడు. రెండూ ఒకరికే ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో మేపుల్ వీధిలో ఎవరికీ పట్టినట్టు లేదు.

"శనివారం తొమ్మిదిన్నరకి మా కారు మీ వీధి మలుపులో ఆపిస్తా," అంది జోడీ లేస్తూ. బ్రెంట్ పళ్ళెంతో వస్తున్నాడు. "వస్తే రా. రాకపోతే హారన్ కొట్టను, నీకు తంటా."

"ఏం చెబుతోంది?" అన్నాడు బ్రెంట్ కూర్చుంటూ.

"ఏం లేదు. పుస్తకం గురించి."

"ఏ పుస్తకం?" అన్నాడు. చెప్పింది. అతను ఇష్టంగా నవ్వాడు. "అవి చిన్నపిల్లలవి కదా. ఇంక మానెయ్, బాగుండదు. తల్లివి." అని, తన పళ్ళెంలోని చాక్లెట్ కేకు తీసి ఆమె పళ్ళెంలో పెట్టాడు.

*

శుక్రవారం బడి అయ్యాక మిసెస్ పిలార్స్కి రింగులు తిప్పించుకోవడానికి వచ్చింది. వీధి చివరింటి ముసలావిడ, చెవులు పాము చెవులు, నోరు అంతకంటే చురుకు. డార్లీన్ ఆమె పలచటి తెల్లజుట్టును పాయలు తీసి, కొసలకు పల్చటి కాగితం మడిచి, ఎర్ర గొట్టాల మీద బిగించింది. మందు పోసింది. వంటగదంతా అమ్మోనియా ఘాటు. గడియారం చూసి, "లోర్నా, ఇక కడుగు. గొట్టాలు విప్పకుండా, గోరువెచ్చగా. ఒక్క చుక్క మందు మిగలకూడదు" అంది. ఆ పని లోర్నాకి పదేళ్ళప్పటి నుంచీ వచ్చు. ఎడమచేతిని కస్టమరు నుదుటి మీద గోడలా అడ్డంపెట్టి, కుడిచేత్తో నీటిగొట్టం తిప్పాలి. ఆ ఎడమచెయ్యి మాత్రం కదలకూడదు.

"మెత్తటి చేతులే నీవి," అంది మిసెస్ పిలార్స్కి సింకులో తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని. "మీ అమ్మ అయితే బంగాళాదుంప కడిగినట్టు కడుగుతుంది."

"మీ తలా అలాగే ఉంటుంది మరి" అంది డార్లీన్ అటువైపు తువ్వాళ్ళు మడతపెడుతూ.

ఫోను మోగింది.

లోర్నా ఎడమచెయ్యి లేచిపోయింది. కుడిచేతిలోని నీటిగొట్టం సింకులో పడి పాములా మెలితిరిగి, నీళ్ళు పైకి చిమ్మాయి. ముసలావిడ కెవ్వుమంది. మందు కలిసిన నీళ్ళు నుదుటి మీంచి కళ్ళలోకి, మెడ వెనకనుంచి వీపు మీదికి కారాయి. డార్లీన్ తువ్వాళ్ళు వదిలేసి పరుగున వచ్చి, ఆమె తల పట్టుకుని, మంచినీళ్ళు దోసిట్లో పట్టి కళ్ళ మీద కొట్టింది. మళ్ళీ మళ్ళీ కొట్టింది. "తెరవండి, కాస్త తెరవండి, అయిపోయింది" అంటూనే ఉంది. తల ఎత్తకుండానే ఆమె చెవి మాత్రం వెనక్కి తిరిగింది.

"తీశానుగా," అంటోంది లోర్నా గోడ వైపు తిరిగి, చిన్న గొంతుతో. "రెండోదానికే తీశాను. లేదు. మూడు కాలేదు, ఒట్టు. మూడు కాలేదు బ్రెంట్. ఒకావిడ తల కడుగుతున్నా... ఆడావిడే... ముసలావిడ."

మిసెస్ పిలార్స్కి ఎర్రబడిన కళ్ళతో లేచి కూర్చుంది. "దేశం మీద బాంబు పడిందనుకున్నానే డార్లీన్. అంత పరుగు ఎవరికోసం?"

"స్నేహితుడు లెండి."

"స్నేహితుడా?" ముసలావిడ తువ్వాలుతో మెడ తుడుచుకుంది. "స్నేహితుడి ఫోనుకి పిల్ల నవ్వుతూ పరుగెత్తాలి. ఇదేంటి, పొయ్యిమీద పాలు పొంగినట్టు?"

డార్లీన్ రింగులు నిలిపే రెండో మందు తీసి, ఒక్కొక్క గొట్టం మీద చుక్కలు చుక్కలుగా పోసింది. ఆమె చేతులు పని చేస్తున్నాయి. చూపు మాత్రం అద్దంలోంచి కూతురి వీపు మీద ఉంది. లోర్నా ఫోనుని భుజానికీ చెంపకీ మధ్య ఇరికించుకుని, రొట్టెల బుట్టలోంచి సంచిని తలకింద చెయ్యేసి ఎత్తి, ఎవరూ చూడని గోడకి చూపిస్తున్నట్టుగా, "ఇదిగో, ఎత్తుకున్నా" అంటోంది.

ముసలావిడ వెళ్ళాక లోర్నా తడిసిన నేల తుడిచింది. "కళ్ళు మండాయా ఆవిడకి?" అని అడిగింది.

"తగ్గిపోతుంది." డార్లీన్ దువ్వెనలు మందునీళ్ళ సీసాలో వేసింది. "రేపు ఎన్నింటికి నీది?"

"పదింటికి. వెళ్ళట్లేదమ్మా."

"ఎందుకు?"

"బిడ్డని ఎవరు చూస్తారు? బ్రెంట్‌కి పొద్దున్నుంచీ కుస్తీ పోటీ. నీకిస్తే ఒప్పుకోడు. నాతో తీసుకెళ్తే వాయించేటప్పుడు కింద పెట్టాలి, పెడితే మార్కులు పోతాయి. అతనివి కూడా." ఆమె ఆ మాటలన్నీ ఎవరో అప్పచెప్పించినట్టు ఒక్క ఊపిరిలో అంది. "అతను ఏమీ వద్దనలేదమ్మా. నీ ఇష్టం అన్నాడు. మంచి తల్లివైతే నీకే తెలుస్తుంది అన్నాడు."

డార్లీన్ ఏదో అనబోయింది. రెండు రోజుల కిందట ఇదే చోట నిలబడి బంగారం లాంటి పిల్లాడని తనే అంది. దువ్వెనల సీసా మూత తిప్పింది. తిరిగాక కూడా ఇంకా తిప్పుతూనే ఉంది.

*

శనివారం లోర్నా చీకటి ఉండగానే లేచింది. క్లారినెట్ పెట్టె తెరిచి, ఊదే చోట బిగించే సన్నటి రెల్లుముక్కను నోట్లో పెట్టుకుని తడిపింది. అది మెత్తబడేదాకా నాలుక కింద ఉంచుకుని కిటికీ దగ్గర కూర్చుంది. తర్వాత దాన్ని తుడిచి డబ్బాలో పెట్టి, పెట్టె మూసేసింది. పెట్టెను మాత్రం మంచం కింద పెట్టలేదు. కిందికి తెచ్చి వంటగది తలుపు పక్కన కోటు కింద ఉంచింది. ఎందుకు తెచ్చిందో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది.

తొమ్మిది దాటాక తలుపు తట్టి బ్రెంట్ వచ్చాడు. బూట్ల మంచు గుమ్మం బయటే దులిపి లోపల చాప మీద విడిచాడు, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "గుడ్ మార్నింగ్ మేడమ్. వాకిలి మళ్ళీ మూసుకుపోయింది, తీసేశాను." తర్వాత లోర్నా వైపు, ఆమె ఒళ్ళోకి చూశాడు. అతని ముఖం తేలికపడింది. "ఇంట్లోనే ఉన్నావ్."

"పోటీ లేదా?" అంది లోర్నా.

"మధ్యాహ్నానికి మార్చారు. గురువారమే చెప్పారులే."

లోర్నా అతని వైపు చూసింది. గురువారం. నిన్న ఫోనులో మూడుసార్లు మాట్లాడాడు. అతను ఆ మాట దాచాలని కూడా అనుకోలేదు. రొట్టెకి వెన్న రాసుకున్నంత మామూలుగా చెప్పాడు. ఈ పొద్దుట బిడ్డని ఎత్తుకోవడానికి అతని రెండు చేతులూ ఖాళీ. ఆ రెండు చేతులతోనే ఆమె ఇంట్లో ఉందో లేదో చూడడానికి వచ్చాడు.

పొయ్యి దగ్గర డార్లీన్ కూడా అతని వైపు చూసింది. అట్లకాడ కింద పెట్టి, చేతులు తుడుచుకుంది.

"పోటీకి ఈ జుట్టుతోనా వెళ్ళడం, బ్రెంట్?" అంది. "కళ్ళలో పడుతోంది. రా, సరిచేస్తా. మంచు తీసినందుకు."

"అయ్యో, వద్దు మేడమ్..."

"కూర్చో నాయనా. ఎంతసేపు!"

జుట్టంటే అతనికి ప్రాణం. అద్దంలో ఒకసారి చూసుకుని కూర్చున్నాడు. డార్లీన్ నల్లటి గుడ్డ మెడచుట్టూ కట్టి వెనక గుండీ పెట్టింది. కుర్చీని పెడలు తొక్కి పైకి లేపింది, లేపుతూనే ఉంది, అతని కాళ్ళు నేల నుంచి తేలేదాకా. నీళ్ళు చల్లింది. తలని నాలుగు పాయలు తీసి, మూడింటిని పైకి మడిచి పొడుగాటి క్లిప్పులు పెట్టింది. మిగిలిన పాయని వేళ్ళ మధ్య పట్టుకుని, కత్తెరతో చిన్నగా, మరీ చిన్నగా కత్తిరించింది.

లోర్నా చేతులు సంచి మీద ఆగిపోయాయి.

ఆమె తల్లి మగపిల్లలకి ఎప్పుడూ క్లిప్పులు పెట్టదు. వీధిలో మగపిల్లలందరికీ మెషినే, చెవుల చుట్టూ ఒకసారి, వెనక ఒకసారి, వాళ్ళు చూయింగ్‌గమ్ నమిలి ఉమ్మేలోపు అయిపోతుంది. క్లిప్పులు పెళ్ళికూతుళ్ళకి పెడుతుంది. పెళ్ళికూతురి తల అంటే గంటన్నర.

డార్లీన్ కూతురి వైపు చూడలేదు. దువ్వెన తడిపి, ఆ పాయనే మళ్ళీ దువ్వింది.

"ఇటువైపు పొట్టిగా అయింది," అంది అద్దంలో బ్రెంట్‌తో. "కదలకపోతే అటువైపూ సమానం చేస్తా. ఇలా సగంలో లేస్తే మీ టీమంతా నవ్వుతారు."

"అలాగే మేడమ్" అన్నాడు బ్రెంట్ బిగుసుకుని.

లోర్నా లేచింది. కుర్చీ దగ్గరికి వెళ్ళి, నల్లగుడ్డ మీద, అతని ఒళ్ళో, సంచిని పడుకోబెట్టింది. గుడ్డ కింద అతని చేతులు రెండూ పైకి లేచి, అది జారకుండా అలవాటుగా చుట్టుకున్నాయి. తలకింద ఒకటి, నడుం కింద ఒకటి. ఆమె వాటిని ఒక క్షణం చూసింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి, కోటు తీసుకుంది. బొత్తాలు పెట్టుకుంది. టోపీ కోసం చూసి, దొరక్కపోతే ఊరుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు బ్రెంట్ అద్దంలో. "లోర్నా? ఎక్కడికే?"

గోడ మీద ఫోను పక్కనుంచి, సింకు పక్కనుంచి, అతను బూట్లు విడిచిన చాప పక్కనుంచి ఆమె నడిచింది. పెట్టె పిడి పట్టుకుంది.

"మేడమ్, ఒక్క నిమిషం, నేను..." అంటూ బ్రెంట్ లేవబోయాడు.

డార్లీన్ అరచెయ్యి అతని నడినెత్తి మీద పడింది. బరువుగా ఏమీ కాదు, పని చేసే చెయ్యి అంతే. కత్తెర చెవి పక్కకి వచ్చి ఆగింది.

"తల కదపకు నాయనా," అంది. "బిడ్డని పడేస్తావ్."

తలుపు తెరుచుకుంది. చలిగాలి లోపలికి వచ్చి, నేల మీది తడి వెంట్రుకల్ని కొంచెం జరిపింది. లోర్నా గడప దాటి, వాకిట్లో బ్రెంట్ తీసిన దారి వదిలేసి, మోకాలిదాకా మంచులో అడ్డంగా నడుస్తూ వీధి మలుపు వైపు వెళ్ళింది.